రాయిలా కూర్చున్న ఇంజను

మేస్త్రీ చెవులు పెద్దవేం కావు. అందరికీ ఉన్నట్టే ఉంటాయి. ఎడమది కాస్త వంకర కూడా. అయినా డీజిలు బళ్ళు నడిపేవాళ్ళు వెనకాల అతన్ని చెవులపిల్లి అంటారు, ఎదురుగా డాక్టరుగారూ అంటారు. రెండు పేర్లూ ఒకే కారణానికి వచ్చాయి. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న ఇంజనుకు ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని వింటాడతను. లోపల ఎక్కడ టకటకమన్నా, ఎక్కడ గరగరమన్నా ఆ చప్పుడు ఇనుము వెంట నడిచొచ్చి చెవిలో పడుతుంది.

నిజానికి కళ్ళు మూసుకోవాల్సిన పని లేదు. తెరిచినా అంతే వినిపిస్తుంది. కాకపోతే కళ్ళు మూస్తే బండివాళ్ళు నోరు మూస్తారని తొలినాళ్ళలోనే కనిపెట్టాడు. తర్వాత అదే అలవాటైపోయింది. ఈ రహస్యం అతనికి తెలుసు, అతని భార్యకు తెలుసు. ఆమె కుట్టుమిషను ఆగిపోయినప్పుడు కూడా ఇతను కళ్ళు మూసుకుని విన్నాడు. అప్పుడు దారం అయిపోయింది.

అతనికి ఇంకో గొప్ప కూడా ఉంది. బండి విప్పి బిగించాక చాలా షెడ్లలో నాలుగు నట్లు మిగిలిపోతుంటాయి. వాటిని ఒక డబ్బాలో పారేసి, ఏమీ ఎరగనట్టు చేతులు తుడుచుకుంటారు. మేస్త్రీ షెడ్డులో ఆ డబ్బా లేదు. విప్పిన ప్రతి ముక్కనూ గోనెపట్టా మీద వచ్చిన వరసలో పేర్చి, అదే వరసలో వెనక్కి ఎత్తుతాడు. "ఎక్కణ్ణుంచి వచ్చింది అక్కడికే పోవాలి" అంటాడు. ఆ మాట అనేటప్పుడు గొంతు కొంచెం బరువెక్కిస్తాడు కూడా. పక్క షెడ్డులో ఇనుము చెక్కే లేతు మిషను నడిపే బాబాయి ఆ మాట విన్నప్పుడల్లా "ఇది ఇంజను గురించా, ఆత్మ గురించా?" అని అడుగుతుంటాడు.

ఈ రెండు గొప్పలూ కలిసి ఒకే బండిలో అతని కొంప ముంచాయి.

బండి అక్కది. అక్క అతనికంటే వయసులో పెద్దది, మాటలో ఇంకా పెద్దది. ఊరి చివర షెడ్డు వేసి కోళ్ళు పెంచుతుంది. తినడానికి కాదు, పొదగడానికి పనికొచ్చే గుడ్ల కోసం. బావకు కోడి ఈక పడదు, తుమ్ములే తుమ్ములు. అందుకని కోళ్ళనీ, బండినీ, బావ తుమ్ములనీ అక్కే చూసుకుంటుంది. వారం వారం గుడ్లను అట్ట ట్రేలలో పేర్చుకుని తనే బండి నడుపుకుంటూ గుడ్లు పొదిగించే హేచరీలో ఇచ్చి వస్తుంది. దారిలో ఒక పెద్ద ఎత్తు ఉంది. పాత ఇంజను ఆ ఎత్తు దగ్గరికొచ్చేసరికి ముసలి ఎద్దులా మొండికేసేది.

"ఒరే, దీనికి కాస్త దమ్మున్న ఇంజను పెట్టరా" అని అక్క అడిగింది.

మేస్త్రీకి అంతకంటే ఏం కావాలి! పాత జనరేటరులోంచి తీసిన మూడు సిలిండర్ల డీజిలు ఇంజను ఒకటి షెడ్డు మూల గోనె కప్పుకుని ఎప్పట్నుంచో ఎదురుచూస్తోంది. దాన్ని అక్క బండికి ఎక్కించాడు. పుట్టింది ఒక చోటికి, పెట్టింది ఇంకో చోట. అందుకని మధ్యలో చెయ్యాల్సిన పని చాలా ఉంది. కొత్త బ్రాకెట్లు చేశాడు, వాటి కింద కొత్త రబ్బరు మౌంటింగులు వేశాడు, ఇంజనునూ గేరుబాక్సునూ అతికే ఇనుప పళ్ళేన్ని లేతు బాబాయి చేత చేయించాడు. ఆ హడావిడిలో అక్క ఇంటినుంచి ఒక జాకీ, ఒక తాడు, కోళ్ళ షెడ్డు తలుపుకు అడ్డంగా వేసే ఇనుప పట్టీ తెచ్చుకున్నాడు. జాకీ తిరిగి ఇచ్చాడు. తాడు తిరిగి ఇచ్చాడు. చివర్న, అక్క చూడటానికి వచ్చేలోగా అంతా కొత్తగా కనపడాలని, అడుగుభాగమంతా నిగనిగలాడే నల్ల రంగు కొట్టాడు.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు వీధి వీధంతా వచ్చి చూసింది. మామూలు డీజిలు ఇంజను మొదలయ్యేటప్పుడు ఒకసారి ఊగుతుంది, ఆగేటప్పుడు తడిసిన కుక్కలా ఒళ్ళు విదిలించుకుంటుంది. ఇది ఊగలేదు. విదిలించుకోలేదు. తాళం తిప్పగానే చటుక్కున ఆగింది.

"చూశారా," అన్నాడు మేస్త్రీ, "రాయిలా కూర్చుంది!"

రాయిలా కూర్చుంది అన్న ఆ మాటను అతను తర్వాత వారం రోజులు కనపడినవాడికల్లా చెప్పాడు. పాలు పోసే ఆవిడక్కూడా చెప్పాడు.

ఎత్తు దగ్గర బండి ఎగిరిపోయింది, అందులో అబద్ధం లేదు. కానీ సీట్లో కూర్చుంటే అరికాళ్ళ నుంచి పళ్ళ దాకా సన్నని జివజివ. పక్క అద్దంలో వెనక వచ్చే బండి ఒకటి మూడుగా కనిపిస్తోంది. తుమ్మెద చెవిలో దూరినట్టు గుంయ్‌మని ఒకటే రొద.

"కొత్త కాపురం అక్కా. నాలుగు రోజులు పోతే కుదురుకుంటుంది" అన్నాడు మేస్త్రీ.

కుదురుకోలేదు. మొదటి లోడు గుడ్లలో సగం పిల్ల కట్టలేదని వారానికే తేలింది. రెండో లోడు దింపిన రోజు హేచరీలో గుడ్లు పరీక్షించే మేడమ్ అక్కను ఆపి, బండి బాగుచేసినాయన్ని కూడా తీసుకురమ్మంది. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పొగుడుతారేమో అనుకున్నాడు, ఎంత చెడ్డా మనిషి కదా.

చీకటిగా ఉన్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి, ఆమె ఒక గుడ్డు మొద్దు వైపును సన్నని దీపానికి ఆనించింది. గుడ్డు లోపలంతా నారింజ రంగులో వెలిగింది. పై కొసన బోర్లించిన గిన్నెలా చిన్న నీడ.

"ఇది గాలి గది," అంది మేడమ్. "లోపలి పిల్ల మొదటి ఊపిరి ఇక్కడే తీసుకుంటుంది. ఇది కదలకూడదు." గుడ్డును మెల్లిగా వంచింది. ఆ నీడ రసమట్టంలో బుడగలా పక్కకు జారిపోయింది. "చూశారా? పొర ఊడిపోయింది. దారి పొడుగునా ఎవరో పట్టుకుని కుదిపినట్టుంది. ఇంకో లోడు చూస్తాను. అదీ ఇలాగే ఉంటే మేం వేరే చోట తీసుకుంటాం. ఏమీ అనుకోకండి."

అక్కకు అదే భయం. ఆ హేచరీ తప్ప చుట్టుపక్కల ఇంకోటి లేదు. వాళ్ళు వద్దంటే ఆ గుడ్లన్నీ కూరలోకి అమ్ముకోవాలి. ఆ పెంపకానికీ ఆ మేతకీ అది ఏ మూలకూ చాలదు. షెడ్డు మూసుకోవడమే.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "రోడ్డు బాగోలేదు మేడమ్."

"రోడ్డు పోయినేడూ ఇదే కదండీ" అంది మేడమ్.

"ట్రేలు మారాయేమో..."

"మేం ఇచ్చేవే."

"మా అక్క కొంచెం దూకుడుగా..."

అక్క అతని వంక చూసింది. మేస్త్రీ ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాడు. చివరికి కోళ్ళు బెదిరిపోయి ఉంటాయని కూడా అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాం గానీ, మద్దెలను వదిలి కోడిని అన్నవాడు ఇతనొక్కడే అయ్యుంటాడు. తిరుగు దారిలో బండి జివజివమంటుంటే, పళ్ళు కొట్టుకుంటూ ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు, మనసులో.

బండి షెడ్డుకు చేరింది. మేస్త్రీ స్క్రూడ్రైవరు తీశాడు.

పద్ధతి అతనికి తెలియక కాదు. ముందు బండిని కదలకుండా నిలబెట్టి, గేరు లేకుండా ఇంజను ఒక్కదాన్నే నడిపి చూడాలి. అప్పుడూ వణికితే జబ్బు ఇంజనుది. కదిలితేనే వణికితే చక్రాలదో, వాటిని తిప్పే షాఫ్టుదో. ఎవరికైనా మొదటి పాఠం ఇదే. కానీ మొదటి పాఠం చదవడానికి డాక్టరుగారు కావాలా? అతను కళ్ళు మూసుకుని, చెవికి పిడి ఆనించి, "షాఫ్టు" అన్నాడు. షాఫ్టు విప్పి లేతు బాబాయికి ఇచ్చాడు. బాబాయి తిప్పి చూసి, "నా ఒంట్లో ఉన్నంత వంకర కూడా లేదురా దీన్లో" అని తిరిగిచ్చాడు. తర్వాత చక్రాలు. చక్రాలూ నిర్దోషులే. అప్పుడు వచ్చి నిలబెట్టి నడిపి చూశాడు. నిలబడిన బండి నిలబడినట్టే వణికింది. అంటే రెండు రోజులు ఏ పాపం ఎరగని చక్రాలను బోనెక్కించాడన్నమాట.

తర్వాత డీజిలు చిమ్మే నాజిళ్ళ మీద పడ్డాడు. ఇంజను నడుస్తుండగా ఒక్కో సిలిండరుకు వెళ్ళే డీజిలు గొట్టం నట్టు వదులు చేస్తే ఆ సిలిండరు పడుకుంటుంది. ఏది పడుకున్నప్పుడు ఇంజను గొంతు మారదో, అది ముందే చచ్చి ఉందని అర్థం. మొదటిది వదులు చేశాడు, గొంతు పడిపోయింది. రెండోది, అంతే. మూడోది, అంతే. ముగ్గురూ బుద్ధిమంతులే, సమానంగా పనిచేస్తున్నారు.

ఇక మిగిలింది చెవి. స్క్రూడ్రైవరును సిలిండరు తలకు పెట్టాడు, రొద. అడుగున నూనె నిలిచే ఛాంబరుకు పెట్టాడు, రొద. గేరుబాక్సు, రొద. అనుమానం వచ్చి స్టీరింగుకు పెట్టాడు, రొద. తలుపు గొళ్ళేనికి పెట్టాడు, అదే రొద. చెవినే నమ్మితే బండంతా జబ్బే. ఇలాంటప్పుడు తెలివైనవాడు చెవిని అనుమానిస్తాడు. మేస్త్రీ బేరింగును అనుమానించాడు.

"అడుగు బేరింగు పోయిందక్కా. ఇంజను దింపాలి" అని ఫోనులో చెప్పాడు.

"దింపు," అంది అక్క. "ఎటూ ఇంకో లోడు దాకానే కదా. ఆ చేత్తోనే నా తలుపు పట్టీ వెతికి పెట్టు. తలుపు తాడుతో కట్టుకుంటున్నాను. నిన్న రెండు కోళ్ళు బయటపడ్డాయి."

"ఎక్కడో ఉంటుందిలే అక్కా. ఇస్తాను."

"ఎక్కడో ఉంటుందనే అడుగుతున్నానురా, లేనిదాన్ని ఎవరడుగుతారు?"

ఇంజను దించాడు. కప్పీకి వేలాడదీసి, కడిగి, విప్పి, ప్రతి ముక్కనూ గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. బేరింగులు విప్పి వెలుతురులో పెట్టి చూస్తే కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తున్నాయి. గోటితో గీరి చూశాడు. ఏమీ లేదు. ఊరికే దింపినట్టు ఉండకూడదని వాటినే తుడిచి, నూనె రాసి, తిరిగి బిగించాడు. తన పద్ధతి తప్పకుండా ఎక్కడి ముక్క అక్కడికే పంపాడు. రంగు పోయిన చోట మళ్ళీ రంగు కొట్టాడు. పాత బోల్టులకు కొత్త స్ప్రింగు వాషర్లు వేశాడు. ఒక చోట తన చేతిపని చూసి తనే ఆగి, "ఎంత గట్టిగా చేశాను!" అని మెచ్చుకున్నాడు కూడా. ఆ చోటు సంగతి తర్వాత వస్తుంది.

గోనెపట్టా ఖాళీ అయింది. ఒక్క నట్టు మిగల్లేదు. స్టార్టు చేశాడు. గుంయ్.

లేతు బాబాయి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏం డాక్టరుగారూ, ఆపరేషన్ సక్సెస్సేనా?"

"నీ పని చూసుకో బాబాయ్."

"నా పని నేను చూసుకుంటున్నాను, నా లేతే ఆగిపోయింది. నీ బండి వణుకుడికి పనిముట్టు నిలవట్లేదు."

ఇంటికి వెళ్ళినా ఆ రొద చెవుల్లోంచి పోలేదు. అన్నం ముందు కూర్చుని కంచం అంచుకు చెవి దగ్గరగా పెట్టాడు.

"కంచానికేం కాలేదండీ," అంది భార్య, "అన్నమే చల్లారిపోతోంది."

"ఏం దొరకట్లేదే. అన్నీ బాగున్నాయి. విడివిడిగా చూస్తే అన్నీ బాగున్నాయి."

"పోనీ వేరే ఎవరికైనా చూపించకూడదూ?"

ఆ మాటకు అతను చూసిన చూపు చూసి ఆమె నవ్వింది. "సరేలెండి. వదిన తలుపు పట్టీ కోసం పొద్దున మళ్ళీ ఫోన్ చేసింది. కనీసం అదైనా వెతికివ్వండి. బండి బాగుపడకపోయినా తలుపైనా బాగుపడుతుంది."

మేస్త్రీ ఆ రాత్రే పట్టీ కోసం షెడ్డంతా వెతికాడు. బల్ల కింద, టైర్ల వెనక, లేతు బాబాయి చెత్తకుప్పలో. బాబాయి మీద కొంచెం అనుమానపడ్డాడు కూడా. ఇనుము కనిపిస్తే బాబాయి చేతులు ఊరుకోవు. ఎక్కడా లేదు. కొత్తది చేసి ఇద్దామనుకున్నాడు. ఒక మామూలు తలుపు పట్టీ చేసేంత మేస్త్రీతనం తనలో ఇంకా మిగిలి ఉంటుందనే అనుకున్నాడు.

మర్నాడు ఉదయం అక్క నడుచుకుంటూ షెడ్డుకు వచ్చింది. చేతిలో పింగాణీ ప్లేటు, చెంగులో ఒక గుడ్డు.

"టిఫినా?" అన్నాడు మేస్త్రీ, మాట తేలిక చేద్దామని.

"నోర్ముయ్. ఇంజను వెయ్యి." అక్క కళ్ళ కింద నిద్ర లేదు. "నీ చెవిలో ఏం వినిపిస్తుందో నాకు తెలీదు. నాకు కనపడాలి. రేపు లోడు ఎక్కించాలా వద్దా నా కళ్ళతో చూసి చెప్పుకుంటాను."

ఇంజను నడుస్తుంటే గుడ్డు పగలగొట్టి ప్లేటులో వేసింది. ట్రేలు పెట్టే చోట ప్లేటు ఉంచింది. పచ్చసొన మీద సన్నని వలయాలు పుట్టి పుట్టి పోతున్నాయి, చలిలో నిలబెట్టిన పిల్ల వణికినట్టు.

"ఇదిగో," అంది అక్క. "ఇదీ నా గుడ్లకు నువ్వు పెట్టిన ముహూర్తం."

సీటు మీద పెట్టింది. అదే వణుకు. వంగి, బండి చట్రమైన ఛాసిస్ మీద పెట్టింది. అదే. మేస్త్రీకి చూడబుద్ధి కాలేదు, కానీ చూడకపోతే ఇంకేదో అంటుందని చూశాడు. ఊరికే నిలబడటం చేతకాక ప్లేటు తీసుకుని ఇంజను నెత్తి మీద పెట్టాడు. అక్కడా అదే వణుకు, అదే తాళం.

కాసేపు అతనికి అందులో వింతేమీ కనపడలేదు. ఇంజను వణుకుతుంది, బండి వణుకుతుంది, జబ్బు అదే కదా. ప్లేటు తీసి ఛాసిస్ మీద పెట్టాడు. మళ్ళీ ఇంజను మీద. మళ్ళీ ఛాసిస్ మీద.

"సొన తిరగబడి చస్తోందిరా" అంది అక్క.

"ఆగక్కా." ఈసారి అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంజను వణికితే వణకనీ, అది దాని పుట్టుక. దాని వణుకు దాని దగ్గరే ఆగాలని కదా కింద రబ్బరు వేసేది! రబ్బరుకు అవతల ఎంత వణుకుందో ఇవతలా అంతే ఉంటే మధ్యలో ఆ రబ్బరు ఏం చేస్తున్నట్టు?

ఇంజను ఆపాడు. రాయిలా చటుక్కున ఆగింది. సరిగ్గా అప్పుడే వీధిలో పాల బండి వచ్చి ఆగింది. తెరిచిన మూత కింద దాని ఇంజను ఆగే ముందు ఊగి, భుజాలు కుదిపి, ఒళ్ళు విదిలించుకుని పడుకుంది. జీవితంలో కొన్ని వేల ఇంజన్లు అలా విదిలించుకోవడం చూసినవాడే మేస్త్రీ. ఊరంతటికీ చెప్పుకున్న తన గొప్ప తన చెవిలోనే మోగింది: రాయిలా కూర్చుంది.

ఇంజను రాయిలా కూర్చోకూడదు.

గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. రబ్బరు మౌంటింగులు వేళ్ళతో తడిమాడు. ఇన్ని రోజులు ఇంజనును మోసిన రబ్బరు నలగాలి, అంచులు అరగాలి. వీటి మీద అచ్చులోంచి వచ్చినప్పటి గీత కూడా చెక్కుచెదరలేదు. పనిలేక హాయిగా కూర్చుని ఉన్నాయి. వీళ్ళ పని ఇంకెవరో చేస్తున్నారు.

ఎవరు?

చెయ్యి కుడివైపు వెళ్ళింది. అక్కడ ఇంజను పక్కటెముక నుంచి ఛాసిస్ దాకా దిట్టమైన ఇనుప పట్టీ, రెండు కొసలా బోల్టులు, నిగనిగలాడే నల్ల రంగు, కొత్త స్ప్రింగు వాషర్లు. ఇంజను దింపి ఎక్కించినప్పుడు ఆగి మెచ్చుకున్న చేతిపని ఇదే. అప్పుడు గుర్తు రానిది ఇప్పుడు గుర్తొచ్చింది. కొత్త బ్రాకెట్లు అతికేటప్పుడు ఇంజను పక్కకు ఒరగకుండా, పని అయ్యేదాకా ఉంటుందని, చేతికి అందిన పట్టీతో దాన్ని ఛాసిస్‌కు కట్టేశాడు. పని అయింది. పట్టీ ఉండిపోయింది. పైన రంగు పడేసరికి అది పుట్టుకతో వచ్చిన ఎముకలా కలిసిపోయింది. రెండోసారి విప్పినప్పుడు గోనెపట్టా మీద దాని వరసలో దాన్ని పేర్చాడు, దాని వరసలో దాన్ని ఎత్తాడు. ఎక్కణ్ణుంచి వచ్చింది అక్కడికే పంపాడు. మరో మేస్త్రీ షెడ్డయి ఉంటే ఈపాటికి ఇది మిగిలిపోయిన ముక్కల డబ్బాలో పడి, బండి బాగుపడిపోయేది.

"ఏరా, దొరికిందా?" పైనుంచి అక్క గొంతు.

బండి కింద పడుకున్నవాడికి ఒక సుఖం ఉంది, మొహం ఎవరికీ కనపడదు. మేస్త్రీ ఆ సుఖాన్ని కాసేపు వాడుకున్నాడు. బోల్టు విప్పుతూ ఏం చెప్పాలో అల్లుకున్నాడు. టార్కు అనాలి. రెజొనెన్సు అనాలి. అక్కకు ఇంగ్లీషు ముక్కలంటే గౌరవం.

"దొరికిందక్కా. ఒక సపోర్టు... లెక్క ప్రకారం దాన్ని తప్పిస్తే రెజొనెన్సు..."

"తప్పించి ఇటు తే, చూద్దాం."

పట్టీ బిగిసిపోయి ఉంది. పట్టకారుతో పట్టి లాగితే రంగు పెళ్ళలుగా లేచింది. చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. అక్క అందుకుని అటూ ఇటూ తిప్పింది. నల్లరంగు లేచిన చోట కింద ఆకుపచ్చ రంగు కనిపించింది. కోళ్ళ షెడ్డు తలుపు రంగు. గొళ్ళెం కోసం బావ వంకరగా వేసిన రంధ్రం కూడా అక్కడే ఉంది.

అక్క ఆ రంధ్రంలో వేలు పెట్టి చూసింది.

"ఒరే," అంది చివరికి, "ఇది నా తలుపు పట్టీ."

"అదే అక్కా."

"నేను దీన్ని నీ దగ్గర ఎన్నిసార్లు అడిగాను?"

"చాలాసార్లు."

"వచ్చి అడిగినప్పుడల్లా దీని మీదే కూర్చుని వచ్చానట్రా?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఇక్కడ పిల్ల చంకలోంచి తన్నుతోంది, అరుస్తోంది, ఊరందరికీ వినపడుతోంది. తనేమో ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందా అని ఊరి మీదికి స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళాడు. అల్లుకున్న రెజొనెన్సును పక్కన పెట్టేశాడు.

"నువ్వు ఇచ్చెయ్యమన్నప్పుడు ఇచ్చేసి ఉంటే," అన్నాడు, "అదే వైద్యం."

అక్కకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దారిలో నవ్వు ఎదురొచ్చింది. పట్టీతో అతని భుజం మీద ఒకటి తట్టి, కింద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నిజం ఏడుపు కొంచెం కలిసిపోయిందని మేస్త్రీకి కనిపించింది. "ఇంజను వెయ్యి" అంది.

వేశాడు. ఇంజను మొదలవుతూనే ఒకసారి పక్కకు ఒరిగి, రబ్బరు మీద సర్దుకుని, వెక్కిళ్ళు వచ్చినవాడిలా ఊగడం మొదలుపెట్టింది. చూడటానికి అసహ్యంగా ఉంది. ప్లేటు ట్రేల చోట పెట్టారు. పచ్చసొన అద్దంలా ఉంది. పక్క అద్దంలో లేతు బాబాయి ఒక్కడుగానే కనిపించాడు.

ఆ ఒక్కడూ దగ్గరికొచ్చి, ఖాళీ గోనెపట్టా మీద ఉన్న రెండు బోల్టుల్ని కాలితో చూపించాడు. "ఏమిటివి డాక్టరుగారూ? నీ షెడ్డులో ఏమీ మిగలదన్నావు?"

"మిగిలాయి బాబాయ్."

"ఉంచుకో. డబ్బా నేను ఇస్తాలే."

మర్నాడు అక్క మూడో లోడు తీసుకెళ్ళింది. మేస్త్రీ పక్క సీట్లో కూర్చున్నాడు, తన చెవులు ఒళ్ళో పెట్టుకున్నట్టు ముడుచుకుని. దీపం గదిలో మేడమ్ ట్రేలోంచి అక్కడొకటి ఇక్కడొకటి గుడ్లు తీసి వెలుగుకు పెట్టింది, వంచింది. బోర్లించిన గిన్నె పెట్టిన చోటే ఉంది. "ఇవి బాగున్నాయి" అంది. అంతకుమించి ఏమీ మాట ఇవ్వలేదు. "పిల్లలు లేచాక చెబుతాను."

ఆ మూడు వారాలూ మేస్త్రీ ఏ ఇంజనుకూ కళ్ళు మూసుకోలేదు. ముందు నిలబెట్టి నడిపించాడు, తర్వాత కదిలించాడు, మొదటి పాఠం నుంచి. "ఏం డాక్టరుగారూ, చెవి పనిచెయ్యట్లేదా?" అని బండివాళ్ళు అడిగితే, "సెలవులో ఉంది" అన్నాడు.

పిల్లలు లేచే రోజు అక్క అతన్ని లాక్కెళ్ళింది. పొదుగు యంత్రం మనిషెత్తు బీరువాలా ఉంది. తలుపు తెరవకూడదు, తేమ పోతుందంది మేడమ్. గాజు కిటికీ మీద ఆవిరి పట్టి లోపల ఏమీ కనపడటం లేదు. అక్క చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది.

మేస్త్రీ చేతిసంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఏమండీ, అది ఇంజను కాదు" అంది మేడమ్.

"తెలుసండీ." యంత్రం పక్క రేకుకు మొన ఆనించి, పిడి చెవి పక్కన నొక్కిపెట్టాడు. ముందు ఫ్యాను రొద. దాని కింద సన్నగా, టిక్. టిక్ టిక్. ఒక చోట కాదు. కింది అరలో ఒకటి, పై అరలో నాలుగు, అప్పుడే ఇటుపక్క ఇంకొన్ని. ఏ ఇంజనులోనైనా ఇన్ని చోట్ల ఇన్ని టకటకలు వినిపిస్తే ఎత్తుకెళ్ళి పాతసామాన్ల కొట్లో పడెయ్యమనేవాడు.

"ఏమంటున్నాయిరా?" అక్క దగ్గరికి వచ్చింది. "లోపల ఏం జబ్బు?"

"జబ్బు లేదక్కా."

"మరి ఆ మొహమేంటి? విప్పి చూడాలా?"

"మనం విప్పక్కర్లేదు." పిడిని అక్క చెవికి అందించాడు. "లోపలివాళ్ళే విప్పుకుంటున్నారు."

అక్క పిడిని చెవికి నొక్కుకుంది. ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుంది.